తొమ్మిది నిలువు వరుసలు, 45 ఓడలు: అట్లాంటిక్ కాన్వాయ్‌లో ఓడ తన చోటు ఎలా నిలబెట్టుకునేది?

1 · దిక్సూచి

రెండో ప్రపంచ యుద్ధంలో, 1940-43లో, కాపలాతో గుంపుగా నడిచిన ఉత్తర అట్లాంటిక్ కాన్వాయ్‌ల మీద చదవడానికి దొరికేదంతా కాపలా నౌకల కథో, జలాంతర్గాముల కథో. మధ్యలో బొగ్గు కాల్చుకుంటూ నడిచిన సరుకు ఓడల సంగతి విప్పి చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

పటాల్లో కాన్వాయ్ ఎప్పుడూ చాప పరిచినట్టు అడ్డంగా ఉంటుంది, రైలుబండిలా పొడుగ్గా ఉండదు. ఎందుకలా? రాడార్ లేని, రేడియోలో మాట్లాడకూడని ముసలి ఓడ దీపాలన్నీ ఆర్పేసి, పక్క ఓడను గుద్దకుండా రాత్రంతా ఎలా నడిచేది? వెనకబడితే దాని గతి ఏంటి? ఇక నాకు అసలు మింగుడుపడనిది: 45 ఓడలను ఒక్కచోట పోగుచేసి పంపడమంటే పులి ముందుకి మందను తోలడం కాదా?

వ్యూహాల కన్నా ఓడ మీది పనులు, కొలతలు, జరిగే పొరపాట్లు చెబితే సంతోషం.

2 · పాత_పటం

ముందు పేర్లు తెలిస్తే మిగతాది సులువు. కెనడాలోని హాలిఫాక్స్ నుంచి బ్రిటన్ వెళ్ళేవి హెచ్‌ఎక్స్ కాన్వాయ్‌లు. మొదటిది 1939 సెప్టెంబర్ 16న బయల్దేరింది. 9 నాట్లకు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, దాదాపు 2000 గజాలు) తక్కువ కాకుండా నడవగల ఓడలకే అందులో చోటు. అంత నడవలేని ముసలి ఓడల కోసం 1940 ఆగస్టు 15 నుంచి ఎస్‌సీ కాన్వాయ్‌లు మొదలుపెట్టారు. ఇవి కెనడాలోనే కేప్ బ్రెటన్ దీవిలోని సిడ్నీ రేవు నుంచి (ఆస్ట్రేలియా సిడ్నీ కాదు, ఈ గందరగోళం తరచూ చూస్తుంటాం) 7 నాట్ల దరిదాపులో నడిచేవి. బ్రిటన్ నుంచి పడమటికి తిరుగు ప్రయాణం చేసేవి ఓఎన్, వాటిలో నెమ్మదివి ఓఎన్‌ఎస్. 1942 సెప్టెంబర్ నుంచి హెచ్‌ఎక్స్‌లు న్యూయార్క్ నుంచే కదిలాయి.

ఇక ఆకారం. 45 ఓడలంటే 9 నిలువు వరుసలు, వరుసకు 5 ఓడలు అనుకోండి. వరుసకీ వరుసకీ మధ్య దాదాపు 1000 గజాలు. ఒకే వరుసలో ముందు ఓడకీ వెనక ఓడకీ 400 నుంచి 600 గజాలు. అంటే వెడల్పు సుమారు 4 నాటికల్ మైళ్ళు, లోతు ఒక్క మైలు. వరుసలకు అంకెలు ఎడమ నుంచి మొదలవుతాయి. ఓడ అంకెలో మొదటిది వరుస, రెండోది ఆ వరుసలో స్థానం. 53 అంటే అయిదో వరుసలో మూడో ఓడ. ఆ అంకెను జెండాలతో ఎగరేస్తే పేరు అడగనక్కర్లేదు.

అడ్డంగా ఎందుకంటే, జలాంతర్గామికి ప్రక్క నుంచి కొట్టడం ఇష్టం. ఎదురుగా వస్తున్న ఓడ ముక్కు సన్నగా కనిపిస్తుంది, ప్రక్క నుంచైతే 400 అడుగుల పొడవూ గురే. కాన్వాయ్‌ను అడ్డంగా పరిస్తే ఆ ప్రక్క వైపు అయిదు ఓడలే దొరుకుతాయి. అదే ఒకే గొలుసుగా పేరిస్తే 11 మైళ్ళ పొడవునా 45 ఓడల పక్కటెముకలూ బయటపడినట్టే.

3 · లెక్కల_పంతులు

పాత_పటం గారి మాటకు ఇంకో కారణం చేర్చాలి. పొడుగు వరుసకు రోగం ఒకటుంది. మొదటి ఓడ కొంచెం వేగం తగ్గించిందనుకోండి. రెండోది అది గమనించి, మరికొంచెం ఎక్కువ తగ్గిస్తుంది. మూడోది ఇంకా ఎక్కువ. పదో ఓడ దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ ఆపేసే పరిస్థితి, ఆ తర్వాత అందుకోవడానికి పరుగు. అయిదు ఓడల వరుసలో ఈ పిచ్చి ముదిరేలోపే అయిపోతుంది.

చోటు నిలబెట్టుకోవడం ఎంత సన్నని పనో లెక్కలో చూడండి. 7 నాట్లంటే నిమిషానికి దాదాపు 236 గజాలు. ముందు ఓడ మీకు 500 గజాల దూరంలో ఉందంటే, అది ఉన్నపళాన ఆగిపోతే మీకున్నది రెండు నిమిషాల చిల్లర. ఆ కాలపు సరుకు ఓడ రెండు నిమిషాల్లో ఆగదు. పక్కకు తిప్పుకోవడమే దిక్కు.

మరో లెక్క. మీ వేగం ముందు ఓడకన్నా అర నాట్ తేడా ఉంటే గంటలో వెయ్యి గజాలు జరిగిపోతారు. అంటే పక్క వరుసంత దూరం. కాబట్టి వేగాన్ని నాట్లలో సర్దరు, ప్రొపెల్లర్ చుట్లలో సర్దుతారు. యుద్ధకాలంలో అమెరికా కట్టిన లిబర్టీ సరుకు ఓడనే తీసుకోండి: నిమిషానికి 76 చుట్లకు 11 నాట్లు. ఒక్క చుట్టు తేడా గంటకు దాదాపు 290 గజాలు. బ్రిడ్జి (ఓడను నడిపే పై గది) మీది అధికారి మాట్లాడే గొట్టంలోంచి ఇంజిన్‌గదికి రాత్రంతా చెప్పేది ఇదే: ‘రెండు చుట్లు పెంచు’, ‘ఒకటి తగ్గించు’.

4 · బొగ్గుగది

పంతులుగారి లెక్క నూనె కాల్చే ఓడలకు బాగానే సరిపోతుంది. చేత్తో బొగ్గు వేసే ఓడలో ఆ రెండు చుట్లు పెంచడమన్నది పొయ్యి ముందున్న మనిషి చేతిలో ఉంటుంది.

ప్రతి నాలుగు గంటల షిఫ్టులో కొన్ని పొయ్యిలను శుభ్రం చేయాలి. మంటను ఒక పక్కకు తోసి, అడుగున గడ్డకట్టిన చిట్టెం ఊచలతో పగలగొట్టి బయటికి లాగి, మళ్ళీ మంట పరవాలి. ఆ ఇరవై నిమిషాలు పొయ్యి తలుపు తెరిచే ఉంటుంది, చల్లగాలి లోపలికి కొడుతుంది, ఆవిరి ఒత్తిడి పడిపోతుంది. ఒత్తిడితో పాటు చుట్లు. అందుకే ముసలి ఓడలు షిఫ్టు మారే వేళకు వరుసలో వెనక్కి జారడం, తర్వాత మెల్లగా అందుకోవడం మామూలు. మంచి కెప్టెన్ శుభ్రానికి ముందే వంద గజాలు ముందుకు జరిగి పెట్టుకునేవాడు, పడిపోయినా వరుసలోనే ఉండేలా.

పొగ అసలు శత్రువు. నాసిరకం బొగ్గు, లేదా ఒకేసారి ఎక్కువ పారలు వేస్తే నల్లని పొగ. ఓడ దిగంతం కింద ఉన్నా పొగ పైకి కనిపిస్తుంది. కాన్వాయ్ క్రమం చూసే కమొడోర్ ఓడ నుంచి రోజుకు ఎన్నిసార్లు వచ్చినా వచ్చే జెండా ‘పొగ తగ్గించు’ అన్నదే. కొద్దికొద్దిగా, తరచుగా వేయాలి. కానీ వెనకబడిన ఓడ అందుకోవాలంటే బొగ్గు కుమ్మాలి, కుమ్మితే పొగ. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

బూడిద, వంటింటి చెత్త పగలు పారేయకూడదు. చీకటి పడ్డాకే. తెల్లారేసరికి కాన్వాయ్ 60, 70 మైళ్ళు పోయి ఉంటుంది. పగలు పారేస్తే తేలే డబ్బాలు, తొక్కలు దారి చూపిస్తాయి.

5 · ఉప్పుగాలి

ఇంత బాధ పడి గుంపుగా నడవడం కన్నా, ఎవరి దారిన వాళ్ళు పోతే మేలు కదా? సముద్రం పెద్దది. 45 ఓడలు 45 దారుల్లో పోతే ఎన్నిటిని వెతుకుతాడు? పైగా కాన్వాయ్ కోసం ఓడలు రేవులో వారం ఎదురుచూడాలి, అందరూ ఒకేరోజు రావడంతో రేవు ఇరుక్కుపోతుంది, వేగం అందరికన్నా నెమ్మది ఓడ వేగమే. సరుకు రవాణాలో ఈ నష్టం చిన్నది కాదు.

6 · లెక్కల_పంతులు

ఉప్పుగాలి గారూ, నష్టం సంగతి నిజం. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ కార్యాలయం కూడా అచ్చంగా ఇదే వాదించింది. వారానికి 2500 రాకపోకలు, ఇన్నిటికి కాపలా ఎలా అని. కమాండర్ రెజినాల్డ్ హెండర్సన్ ఆ అంకెను విప్పి చూస్తే అందులో తీరం వెంబడి తిరిగే చిన్నాచితకా పడవలన్నీ కలిసి ఉన్నాయి. మహాసముద్రం దాటేవి వారానికి 120 నుంచి 140. కాపలా పెట్టగలిగిన లెక్కే. 1917 మే నుంచి కాన్వాయ్‌లు మొదలయ్యాయి.

‘వెతకడం’ మీద మీ లెక్క తిరగబడుతుంది. ఒంటరి ఓడ 10 మైళ్ళ నుంచి కనిపిస్తుందనుకోండి. కాన్వాయ్ వెడల్పు 4 మైళ్ళు. నడిమి నుంచి కొలిస్తే అది 12 మైళ్ళ నుంచి కనిపిస్తుంది. అంటే 45 ఓడలను 10 మైళ్ళ వృత్తాలు 45 చేసి సముద్రమంతా చల్లుతారా, లేక 12 మైళ్ళ వృత్తం ఒక్కటి చేస్తారా? ఒక్కటే ఉంటే చాలామంది జలాంతర్గామివాళ్ళకు రోజుల తరబడి ఖాళీ నీళ్ళే కనిపిస్తాయి. కనిపించినప్పుడు కూడా, మిగతా ఓడలు దాటిపోయేలోపు వాడు కొట్టగలిగేవి కొన్నే.

ఋజువు కూడా ఉంది. అంతకుముందు 15 నాట్లు దాటిన ఓడలనే ఒంటరిగా పోనిచ్చేవాళ్ళు. 1940 నవంబర్‌లో 13 నాట్లు దాటినవాటినీ వదిలారు, సమయం కలిసొస్తుందని. ఒంటరి ఓడల నష్టాలు చూసి 1941 జూన్‌లో మళ్ళీ 15కు మార్చారు.

ఇంకా గట్టిది భౌతిక శాస్త్రవేత్త బ్లాకెట్ బృందం చేసిన లెక్క. కాపలా నౌకలు కాచేది కాన్వాయ్ చుట్టుకొలతను. ఓడల సంఖ్య రెట్టింపైతే వైశాల్యం రెట్టింపవుతుంది కానీ చుట్టుకొలత అంత పెరగదు. 80 ఓడల కాన్వాయ్ చుట్టుకొలత 40 ఓడలదానికన్నా ఏడో వంతే ఎక్కువ. కాబట్టి చిన్న కాన్వాయ్‌లు రెండు పంపే బదులు పెద్దది ఒకటి పంపి, రెండింటి కాపలా దానికే పెట్టాలి. 1944 వేసవిలో న్యూయార్క్ నుంచి వెళ్ళిన హెచ్‌ఎక్స్‌ఎస్ 300లో 160కి పైగా ఓడలున్నాయి. ఒక్కటీ పోలేదు.

7 · ఉప్పుగాలి

వృత్తాల లెక్క ఒప్పుకున్నా. రేవు ఇరుకు మాత్రం నా మాటే.

8 · సముద్రపు_హోరు

దిక్సూచి గారి రాత్రి ప్రశ్నకు.

ప్రతి ఓడ వెనకాల పైనుంచి కనపడకుండా మూతవేసిన మసక నీలి దీపం ఒకటి, వెనక ఓడకు మాత్రమే కనిపించేలా. తుఫానులో అదీ కనపడదు. అప్పుడు చూసేది ముందు ఓడ ప్రొపెల్లర్ లేపే తెల్లని నురగ. పొగమంచులో వెనకాల తాడుకు కట్టి ఒక పొగమంచు బోయా వదులుతారు. చెక్కతో చేసిన ఈ వస్తువు నీళ్ళలో ఈడ్చుకొస్తున్నప్పుడు చిన్న నీటి ఊటను పైకి చిమ్ముతుంది. వెనక ఓడ ముక్కు దగ్గర నిలబడ్డ కాపలావాడికి ముందు ఓడ కనపడనక్కర్లేదు, ఆ ఊట కనపడితే చాలు. తాడు తెగితే వరుస తెగినట్టే.

దీపాల విషయంలో దొంగ ఎప్పుడూ తలుపు. డెక్ మీదికి తెరుచుకునే తలుపులకు మీట ఉండేది, తలుపు తెరిస్తే లోపలి దీపం దానంతటదే ఆరిపోయేలా. గుండ్రని కిటికీల మీద ఇనుప మూత. అయినా ఎవడో ఒకడు చుట్ట వెలిగిస్తాడు.

సంకేతాలకు కమొడోర్ ఓడే మూలం, మధ్య వరుసలో మొదటిది. కమొడోర్ చాలాసార్లు రిటైరై మళ్ళీ పనిలోకొచ్చిన అడ్మిరల్. ఆయన వెంట నలుగురైదుగురు సంకేతాలవాళ్ళు, అంతే. జెండాలు ఎగరేస్తారు, ప్రతి వరుస మొదటి ఓడ అవే జెండాలు మళ్ళీ ఎగరేస్తుంది, అందరికీ అందాక కమొడోర్ జెండా దించుతాడు. దించిన క్షణమే ఆజ్ఞ అమలు. ఎగరేసినప్పుడు కాదు. కొత్త కెప్టెన్లు తప్పేది ఇక్కడే.

కమొడోర్‌కూ కాపలా నౌకల అధికారికీ పని వేరు. కాన్వాయ్ లోపలి క్రమం కమొడోర్‌ది. దాని రక్షణ కాపలా అధికారిది. హోదాలో తనకన్నా ఎంతో పెద్దవాడైన కమొడోర్‌కు ముప్పయ్యేళ్ళ కమాండర్ ‘కుడికి తిప్పండి’ అని చెప్పొచ్చు.

9 · పాత_పటం

తిప్పడంలో రెండు రకాలున్నాయి, దీన్ని విడదీసి చెప్పాలి.

మామూలు మలుపులో కాన్వాయ్ తలుపు తిరిగినట్టు తిరుగుతుంది. 8000 గజాల వెడల్పున్నది 20 డిగ్రీలు తిరిగితే బయటి వరుస లోపలి వరుసకన్నా దాదాపు 2800 గజాలు ఎక్కువ నడవాలి. లోపలివాళ్ళు ఒక నాట్ తగ్గించినా సర్దుకోవడానికి గంటన్నర. అందుకే కమొడోర్లు పెద్ద మలుపును చిన్న ముక్కలుగా చేసేవాళ్ళు.

అత్యవసర మలుపు వేరు. సంకేతం పడగానే అన్ని ఓడలూ ఒకేసారి, ఉన్నచోటే 45 డిగ్రీలు తిరుగుతాయి. పగలు జెండా, రాత్రి రంగు దీపాలు, సైరన్. ఎవరి స్థానం మారదు కానీ ఇంతసేపూ ఎదురుగా ఉన్న ఓడ ఇప్పుడు ఏటవాలుగా ఉంటుంది. దూరం కొలిచే కోణాలన్నీ మారిపోతాయి. గాలివానలో రెండు వరుసలు సంకేతం చూడకపోతే, తిరిగినవాళ్ళు తిరగనివాళ్ళ మీదికి పోతారు. గ్రీకు, నార్వే, పోలండ్, డచ్ ఓడలు కలిసి నడిచే గుంపులో ఒకే సంకేత పుస్తకం అందరికీ వంటబట్టడం చిన్నపని కాదు. బయల్దేరే ముందు రేవులో కెప్టెన్లందరినీ కూర్చోబెట్టి సమావేశం పెట్టేది దీనికే. దారి, తప్పిపోతే కలవాల్సిన చోట్లు, పొగ, చెత్త, దీపాలు అన్నీ అక్కడే చెప్తారు. రహస్య కాగితాలను బరువు కట్టిన సంచిలో పెట్టాలి, ఓడ శత్రువు చేతికి చిక్కేలా ఉంటే సముద్రంలో విసిరేయడానికి.

10 · ఉప్పుగాలి

వీళ్ళు ఎప్పుడూ జిగ్‌జాగ్‌గానే నడిచేవాళ్ళు కదా, మళ్ళీ ఈ మలుపులెందుకు?

11 · పాత_పటం

‘ఎప్పుడూ’ కాదు. జిగ్‌జాగ్‌కు ప్రత్యేక గడియారం ఉండేది, నిర్ణీత నిమిషానికి గంట కొట్టేలా. వేగం గల ఓడకు అది లాభం. 7 నాట్ల కాన్వాయ్‌కు దండగ: అసలే నెమ్మది, అడ్డదిడ్డంగా తిరిగితే ముందుకు జరిగే దూరం ఇంకా తగ్గి ప్రమాదంలో ఉండే రోజులు పెరుగుతాయి. అందుకే నెమ్మది కాన్వాయ్‌లు చాలావరకు తిన్నగానే పోయేవి.

12 · బొగ్గుగది

ఎవర్ని ఎక్కడ పెట్టాలన్నది కూడా సరుకును బట్టే. పెట్రోలు ట్యాంకర్లు, మందుగుండు ఓడలు లోపలి వరుసల్లో. బయటి అంచుల్లో ధాన్యం, కలప. గమ్యం కూడా చూస్తారు. స్కాట్లండ్ ఉత్తరాన లోఖ్ యూ మీదుగా తూర్పు తీరానికి పోవాల్సినవాటిని ఎడమ వరుసల్లో పెడితే చివర్లో ఎవరినీ కదల్చకుండా ఊడిపోతాయి.

సరుకును బట్టే చావు కూడా. కలప ఓడ దెబ్బతిన్నా గంటల తరబడి తేలుతుంది. ఇనుప ఖనిజం ఓడ నిమిషం లోపు మునిగిపోగలదు. ఖనిజం బరువు ఎక్కువ, చోటు తక్కువ. గిడ్డంగి అడుగున కొంచెమే ఉంటుంది, పైనంతా ఖాళీ. రంధ్రం పడితే ఆ ఖాళీ అంతా నీళ్ళు. అలాంటి ఓడల్లో లైఫ్‌జాకెట్ తొడుక్కునే డెక్ మీద పడుకునేవాళ్ళున్నారు.

పడమటికి ఖాళీగా పోయేటప్పుడు ఇంకో తలనొప్పి. ఓడ పైకి తేలిపోయి ప్రొపెల్లర్ సగం గాలిలో తిరుగుతుంది, పక్కగాలికి అట్టపెట్టెలా కొట్టుకుపోతుంది. చలికాలం ఓఎన్‌ఎస్ కాన్వాయ్‌లు చెల్లాచెదురైనన్ని సార్లు తూర్పుకు పోయేవి కాలేదు. అందుకే ఇసుకో రాళ్ళో బరువుగా నింపేవాళ్ళు. బాంబులకు కూలిన బ్రిస్టల్ ఇళ్ళ శిథిలాలు ఇలాగే న్యూయార్క్ చేరాయి. ఈస్ట్ రివర్ ఒడ్డున వాటితో పూడ్చిన చోటును ఇప్పటికీ బ్రిస్టల్ బేసిన్ అంటారు.

13 · దిక్సూచి

అద్భుతం. వెనకబడ్డ ఓడ సంగతి ఎవరూ చెప్పలేదు. పైగా ఎస్‌సీ 7లో 20 ఓడలు పోయాయి కదా, ఎక్కువ చోటు తప్పనివే. మరి కలిసి నడవడం ఎక్కడ కాపాడింది?

14 · సముద్రపు_హోరు

వెనకబడ్డ ఓడకు ఆగి ఎవరూ తోడుండరు. కాన్వాయ్ వేగం దాని కోసం తగ్గదు. బయల్దేరే ముందు కవరులో ఇచ్చిన దారిలో పోయి, నిర్ణయించిన చోట కలవాలి, అంతే. ముందుకు ఉరికే ఓడలూ ఉన్నాయి, ‘నా ఇంజిన్ బాగుంది, నాకు గుంపెందుకు’ అని. రెండు రకాలూ జలాంతర్గాములకు సులువైన మేత.

ఎస్‌సీ 7 ప్రశ్న సరైనదే. 1940 అక్టోబర్ 5న సిడ్నీ నుంచి 35 ఓడలు. మహాసముద్రం మధ్య దాదాపు అంతా ఒకే ఒక్క కాపలా నౌక, స్కార్బరో. బ్రిటన్ దగ్గరపడ్డాక మరికొన్ని వచ్చి కలిశాయి కానీ అంతకుముందు ఎన్నడూ కలిసి పనిచేయనివాళ్ళు. జర్మన్లు రాత్రి నీటిపైనే దాడి చేశారు. కాపలా నౌకలకున్నది ఆస్‌డిక్, శబ్దంతో జలాంతర్గామిని వెతికే పరికరం, అది నీటి అడుగున ఉన్నదాన్నే వినగలదు. పైన తేలే చిన్న జలాంతర్గామి దానికి చిక్కదు, కంటికి ఆనదు. జర్మన్ల టైప్ 7 జలాంతర్గామి నీటిపైన 17 నాట్లు పైచిలుకు పోగలదు, ఫ్లవర్ తరగతి కార్వెట్ (చిన్న కాపలా నౌక) 16. కాపలావాడి కన్నా దొంగ వేగంగా పరుగెత్తుతాడు. క్రెట్ష్‌మర్ లాంటి జలాంతర్గామి కెప్టెన్లు వరుసల మధ్యకే దూరారు.

కలిసి నడవడం ఒక్కటే సరిపోదు, దానికి కాపలా కళ్ళు కావాలి. అవి వచ్చింది 1941లో: 10 సెంటీమీటర్ల తరంగాల 271 రాడార్. చిన్న కార్వెట్ మీదికి కూడా ఎక్కేది, చీకట్లో నీటిపైనున్న జలాంతర్గామిని పట్టేది. దానితోపాటు హఫ్‌డఫ్, అంటే రేడియో సంకేతం వచ్చే దిక్కు కనిపెట్టే పరికరం. ఓడను చూసిన జలాంతర్గామి తన వాళ్ళను పిలవడానికి రేడియో వాడాలి, వాడిన ప్రతిసారీ ఏ దిక్కునుంచో కాన్వాయ్‌కు తెలిసిపోతుంది. ఆ దిక్కుకు ఒక నౌకను పంపి వాడు నీటి కిందికి దిగేలా చేస్తే చాలు. నీటి కింద వాడి వేగం 7 నాట్లు, అదీ కాసేపే. బ్యాటరీ సంగతి చూసుకోవాలి. కాన్వాయ్ వెళ్ళిపోతుంది.

ఒక ఎదురుదెబ్బ కూడా చెప్పాలి. 1941లో సరుకు ఓడలకు స్నోఫ్లేక్ అనే వెలుగు రాకెట్లు ఇచ్చారు, దాడి జరిగితే కాల్చి జలాంతర్గామిని బయటపెట్టడానికి. కంగారులో అందరూ కాల్చేస్తే కాన్వాయే పెళ్ళిపందిరిలా వెలిగిపోయేది. ఆజ్ఞ లేకుండా కాల్చొద్దని తర్వాత కట్టడి చేశారు.

15 · లెక్కల_పంతులు

ఆస్‌డిక్ పరిమితి మీద ఒక చిన్న లెక్క. దాని శబ్దపు పుంజం ముందుకు వాలుగా పోతుంది. జలాంతర్గామి దగ్గరపడే కొద్దీ అది పుంజం కిందికి జారిపోతుంది. లోతుగా ఉంటే ఇంకా ముందే. అంటే డెప్త్‌చార్జి (నీటి లోతున పేలే బాంబు) వేసే క్షణానికి కాపలా నౌక గుడ్డిది. చార్జి సెకనుకు 10 అడుగులు దిగుతుందనుకుంటే 300 అడుగులకు 30 సెకన్లు. ఆలోపు 5 నాట్లతో పోయే జలాంతర్గామి 250 అడుగులు జరిగిపోతుంది. చార్జి జలాంతర్గామి ఉక్కు గోడను చీల్చాలంటే పాతిక అడుగుల లోపు పేలాలి. ఎన్ని వేసినా తగలకపోవడంలో ఆశ్చర్యం లేదు.

దీనికి విరుగుడు హెడ్జ్‌హాగ్ అనే ఆయుధం. 24 చిన్న బాంబులు 200 గజాలు ముందుకు, ఇంకా ఆస్‌డిక్‌కు వినిపిస్తుండగానే. తగిలితేనే పేలుతుంది. తగలకపోతే నిశ్శబ్దం, కాబట్టి వినికిడి చెడదు. మొదట్లో సిబ్బందికి ఇదే నచ్చలేదు. డెప్త్‌చార్జి తగలకపోయినా పేలి శత్రువును హడలగొట్టేది, ఇది నోరుమూసుకుని మునిగిపోయేది.

16 · ఉప్పుగాలి

చెల్లాచెదురవడం కూడా కొన్నిసార్లు సరైన ఆజ్ఞే కదా?

17 · పాత_పటం

శత్రువు ఎవరన్నదాన్ని బట్టి. నీటిపై యుద్ధనౌకైతే చెదరాలి, జలాంతర్గామైతే అస్సలు చెదరకూడదు. 1940 నవంబర్ 5న హెచ్‌ఎక్స్ 84 మీద జర్మన్ యుద్ధనౌక అడ్మిరల్ షేర్ పడింది. 11 అంగుళాల ఫిరంగులు, దూరం నుంచి ఒక్కొక్కటీ కొట్టగలదు. దగ్గరున్న కాపలా జర్విస్ బే, పాత ప్రయాణికుల ఓడకు ఫిరంగులు బిగించింది. అది ఎదురెళ్ళి మునిగింది, ఈలోపు ఓడలు పొగ వదులుకుంటూ చెదిరాయి. అయిదు పోయాయి, మిగతావి చాలావరకు చీకట్లో తప్పించుకున్నాయి.

1942 జూలై 4న ఆర్కిటిక్ దారిలో పీక్యూ 17కు ఇదే ఆజ్ఞ లండన్ నుంచి వెళ్ళింది, యుద్ధనౌక వస్తోందన్న భయంతో. అది రాలేదు. చెదిరిన ఓడలను విమానాలు, జలాంతర్గాములు ఒక్కొక్కటిగా ఏరుకున్నాయి. 35లో 24 పోయాయి.

మన తీరంలో కూడా ఇలాంటి లెక్కే ఒకటుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులేసిన సంగతి చాలామందికి తెలుసు. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో కాపలా లేకుండా తీరం వెంబడి పోతున్న సరుకు ఓడలు 20కి పైగా జపాన్ అడ్మిరల్ ఒజావా నౌకాదళానికి బలయ్యాయి.

18 · బొగ్గుగది

మనవాళ్ళ సంగతి వచ్చింది కాబట్టి. బ్రిటిష్ వాణిజ్య ఓడల్లో పనిచేసినవాళ్ళలో సుమారు నాలుగో వంతు భారత ఉపఖండం నుంచి వెళ్ళిన కళాసీలు. సిల్హెట్, చిట్టగాంగ్, నోవాఖాలీ, రత్నగిరి, గోవా ప్రాంతాలవాళ్ళు ఎక్కువ. పై మేస్త్రీని సెరాంగ్ అనేవాళ్ళు. గోదావరి లాంచీల మీద మనం ‘సరంగు’ అనేది ఆ మాటే. ఆవిరి ఓడల పొయ్యిల ముందు ఉన్నదీ వీళ్ళే, అంటే నీటిమట్టానికి కింద. టార్పెడో తగిలే చోటు అదే, పైకి రావడానికి ఇనుప నిచ్చెనలు ఎక్కాలి.

జీతం నెలకు 2 పౌండ్ల దరిదాపు, అదే పనికి బ్రిటిష్ నావికుడికి దానికి కొన్ని రెట్లు. 1939 చివర్లో బ్రిటిష్ రేవుల్లో వీళ్ళు సమ్మె చేశారు, కొందరిని జైల్లో పెట్టారు, చివరికి జీతాలు పెంచారు. ఇంకో సంగతి: 1941 మే దాకా ఓడ మునిగిన రోజుతోనే బ్రిటిష్ నావికుడి జీతం కూడా ఆగిపోయేది. పడవలో తేలుతున్న రోజులకు కూలి లేదు.

1940 సెప్టెంబర్ 17న సిటీ ఆఫ్ బెనారస్ అనే ప్రయాణికుల ఓడ మునిగింది. బ్రిటన్ నుంచి కెనడాకు పంపుతున్న 90 మంది పిల్లల్లో 77 మంది పోయారు. కాపలా ఆ రోజే వెనక్కి తిరిగింది, అప్పట్లో దాని పరిధి అంతే. 12వ నెంబర్ పడవలో 46 మంది ఎనిమిది రోజులు తేలారు. అందులో ఎక్కువమంది భారతీయ కళాసీలే.

19 · దిక్సూచి

మునిగిన ఓడల మనుషులను ఎవరు ఎత్తేవాళ్ళు? కాపలా నౌక ఆగితే అదీ గురే కదా.

20 · సముద్రపు_హోరు

మొదట్లో ప్రతి వరుస చివరి ఓడ ఆగి ఎత్తాలన్న నియమం. ఆగిన ఓడ చావుకు సిద్ధపడ్డట్టే, కాబట్టి సరిగా జరగలేదు. 1941 మొదట్నుంచి కాన్వాయ్ వెనక ప్రత్యేక రక్షక ఓడలు పెట్టారు. తీరంలో తిరిగే చిన్న ప్రయాణికుల ఓడలు, డెక్ నీటికి దగ్గరగా ఉండేవి. వైద్యుడు, చిన్న ఆపరేషన్ గది, పక్కల నుంచి వేలాడే వలలు, చేతులు కొంకర్లు పోయినవాళ్ళను తోడడానికి కర్రకు కట్టిన వల. యుద్ధం మొత్తంలో ఇవి 4000 మందికి పైగా ప్రాణాలు నిలిపాయి. కొన్నిటిమీద హఫ్‌డఫ్ కూడా ఉండేది: వెనక నుంచి ఒక దిక్కు, ముందు నుంచి ఇంకో దిక్కు కలిపితే శత్రువు ఎక్కడున్నాడో పటం మీద తేలుతుంది.

లైఫ్‌జాకెట్‌కు చిన్న ఎర్రదీపం, ఈల. ఆ దీపం లేనప్పుడు రాత్రి నీళ్ళలో మనిషి కనిపించేవాడే కాదు.

21 · లెక్కల_పంతులు

1943 మే మలుపు గురించి ఎవరో అడగకముందే ఒక్క మాట. ఓఎన్‌ఎస్ 5ను అందరూ రాడార్ విజయంగా చెప్తారు. మే 5 రాత్రి పొగమంచులో జలాంతర్గాములకు ఏమీ కనపడలేదు, కాపలా నౌకలకు రాడార్‌లో అన్నీ కనపడ్డాయి. ఆ రాత్రి తెల్లారేలోపు నాలుగు జలాంతర్గాములు పోయాయి. నిజమే. కానీ అంతకుముందు రోజు కాపలా అధికారి గ్రెటన్ తన డిస్ట్రాయర్ (వేగం గల కాపలా నౌక) డంకన్‌లో నూనె అయిపోయి కాన్వాయ్‌ను వదిలి వెళ్ళాల్సి వచ్చింది. నూనె ఇచ్చే ట్యాంకర్ కాన్వాయ్‌లోనే ఉంది. రోజుల తరబడి తుఫాను, గొట్టం అందుకోవడానికి వీల్లేదు. మిగతాది టే నౌక మీదున్న షేర్‌వుడ్ నడిపించాడు. సరుకు ఓడలు 13 పోయాయి. మే నెల మొత్తంలో జర్మన్లు 41 జలాంతర్గాములు పోగొట్టుకుని, 24న ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కి లాగారు.

22 · దిక్సూచి

నూనె గొట్టం ఎలా అందించేవాళ్ళో చెప్పగలరా? పక్కపక్కనా, వెనక నుంచా?

23 · సముద్రపు_హోరు

బ్రిటిష్ పద్ధతి ఎక్కువగా వెనక నుంచి. ట్యాంకర్ తన వేగం మార్చకుండా నడుస్తూ, తేలే రబ్బరు గొట్టాన్ని వెనక్కి వదులుతుంది. డిస్ట్రాయర్ దాని చివరను కొక్కెంతో పట్టి ముందు డెక్ మీదికి లాగి బిగిస్తుంది. ఆ తర్వాత గంటల తరబడి ఆ దూరం చెడకుండా నడవాలి. అలలకు డెక్ మీద మనుషులు నిలబడలేకపోయినా, గొట్టం ఒక్కసారి బిగుసుకున్నా తెగుతుంది, తెగితే మళ్ళీ మొదటికి. ఈలోపు ట్యాంకర్ తన చోటులో ఉండాలి, డిస్ట్రాయర్ దాని వెనక వరుసలో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి ఆ వైపు కాపలా ఖాళీ. అందుకే పగటిపూట, చుట్టుపక్కల శత్రువు లేడనిపించినప్పుడే మొదలుపెట్టేవాళ్ళు.